సైన్యంలో ఆదేశం ఎవరి నుంచి ఎవరికి వెళుతుంది? రాష్ట్రపతి, రక్షణ మంత్రి, సీడీఎస్, దళాధిపతుల అధికారాలపై ఒక సమాధానం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. రక్షణ దళాల సర్వసైన్యాధిపతి రాష్ట్రపతి అని మీరు పుస్తకంలో చదివారు. నిర్ణయాలన్నీ ప్రధానమంత్రి, రక్షణ మంత్రి తీసుకుంటున్నట్టు వార్తల్లో చూస్తున్నారు. దానికితోడు 2020 నుంచి త్రిదళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, క్లుప్తంగా సీడీఎస్) అనే కొత్త పదవి వచ్చింది. అలాంటప్పుడు సరిహద్దులో ఉన్న జవానుకు ఆదేశం అసలు ఎవరి దగ్గర బయలుదేరుతుంది, త్రిదళాధిపతి చెబితే సైన్యాధిపతి విని తీరాలా, మీ విజయనగరానికి దగ్గరలో విశాఖపట్నంలో ఉన్న తూర్పు నౌకాదళం ఎవరి కింద పనిచేస్తుంది, వరదలు వచ్చినప్పుడు జిల్లా కలెక్టరు సైన్యానికి ఆదేశాలు ఇవ్వగలరా అన్నవి మీ సందేహాలు.

నేను సైన్యం సిగ్నల్స్ (సమాచార ప్రసార) విభాగంలో 28 ఏళ్ళు పనిచేసి సుబేదారుగా విరమణ పొందాను. ఆ కాలంలో ఎక్కువ భాగం బ్రిగేడ్, డివిజన్ హెడ్‌క్వార్టర్ల సిగ్నల్ సెంటర్లలో గడిచింది. ఒక నిర్ణయం కాగితం మీదికి ఎక్కాక అది ఎవరి పేరిట బయలుదేరుతుందో, ఎవరికి చేరుతుందో, ఎవరు దానికి బదులు చెప్పాలో రోజూ నా చేతుల మీదుగానే చూశాను. ఇప్పుడు రక్షణ దళాల పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మీరు అడిగిన సందేహాలే వారూ అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటి సమాధానం: యుద్ధం చేయాలా వద్దా, ఎంతవరకు వెళ్ళాలి అనే నిర్ణయం మంత్రివర్గానిది, అది రాష్ట్రపతి పేరిట అమలవుతుంది. ఆ నిర్ణయం సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల అధిపతులకు చేరుతుంది. వారి నుంచి ఆయా కమాండ్ల (దళంలోని పెద్ద విభాగాల) అధిపతులకు, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా కింది దాకా ఆదేశం దిగుతుంది. త్రిదళాధిపతి ఆ నిచ్చెనలో ఒక మెట్టు కారు, ఆయనది సలహా, సమన్వయ బాధ్యత. విశాఖలోని తూర్పు నౌకాదళ అధిపతి ఢిల్లీలోని నౌకాదళాధిపతికి జవాబుదారీ. కలెక్టరు సైన్యం సాయాన్ని కోరవచ్చు గానీ సైనికుణ్ణి నేరుగా నడిపించలేరు.

రాజ్యాంగం 53వ అధికరణం రెండో క్లాజు రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. ఆ వాక్యం అక్కడితో ఆగలేదు, ఆ అధికార వినియోగాన్ని చట్టం నియంత్రిస్తుందని కూడా చెప్పింది. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకు నడుచుకోవాలి. ఈ రెండింటినీ కలిపి చదివితేనే అర్థం పూర్తవుతుంది. పరీక్షకు చదివే పిల్లలు చాలామంది మొదటి సగం చదివి వదిలేస్తారు. 2016లోనూ 2022లోనూ విశాఖ తీరంలో యుద్ధనౌకల సమీక్ష జరిగినప్పుడు బారులు తీరిన నౌకల ముందు నుంచి రాష్ట్రపతి ఓడలో సాగుతూ వందనం స్వీకరించడం మీరు చూసే ఉంటారు. సర్వసైన్యాధిపతి హోదా కంటికి కనిపించే సందర్భం అది. అధికారుల కమిషన్, అంటే అధికారిగా నియామకం, రాష్ట్రపతి ఇచ్చేదే, వారు సర్వీసులో కొనసాగేదీ రాష్ట్రపతి అభీష్టం మేరకే. కానీ ఏ నౌక ఏ సముద్రంలోకి వెళ్ళాలో రాష్ట్రపతి భవన్ నిర్ణయించదు.

నిర్ణయం జరిగే చోటు ప్రధానమంత్రి అధ్యక్షత వహించే భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం. రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ మంత్రులు అందులో సభ్యులు. 1999లో కార్గిల్ పోరు మొదలైనప్పుడు వైమానిక దళాన్ని దింపడానికి అనుమతి ఇచ్చింది ప్రభుత్వమే. మే 25న అనుమతి వచ్చింది, మే 26న విమానాలు దాడికి లేచాయి. నియంత్రణ రేఖ దాటకూడదన్న షరతు పెట్టింది కూడా ప్రభుత్వమే, ఆ షరతుకు లోబడే మూడు దళాలూ పోరాడాయి. ఆ గీత లోపల ఏ శిఖరాన్ని ముందు పట్టుకోవాలి, ఏ బెటాలియన్ ఏ వైపు నుంచి ఎక్కాలి అన్నవి సైనిక కమాండర్లు చూసుకున్నారు. రాజకీయ నాయకత్వానికీ సైనిక కమాండుకూ మధ్య సరిహద్దు ఎక్కడ ఉంటుందని నా విద్యార్థులు అడిగితే నేను మొదట చెప్పేది ఈ ఉదాహరణే.

ఇక పేర్ల దగ్గర వచ్చే తికమక. 1949 జనవరి 15న జనరల్ కరియప్ప బ్రిటిష్ అధికారి నుంచి బాధ్యతలు తీసుకున్నప్పుడు ఆయన పదవి పేరు కమాండర్ ఇన్ చీఫ్. ఆ రోజునే మనం సైనిక దినోత్సవంగా జరుపుకుంటాం. 1955లో చట్టం చేసి మూడు దళాల అధిపతుల పదవి పేరును చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా మార్చారు. సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతిదే అయినప్పుడు దళాధిపతికి ఆ పాత పేరు ఉండరాదన్నది ఆలోచన. అయితే కమాండ్ల అధిపతులకు మాత్రం నేటికీ ‘కమాండింగ్ ఇన్ చీఫ్’ అనే మాట నిలిచిపోయింది. అందువల్ల పేరు చూసి కింది అధికారే పెద్దవాడని అనుకునే ప్రమాదం ఉంది. ఆచరణలో ఆర్మీ చీఫ్ తన సైన్యం మొత్తానికీ కమాండరే, ఆయన మాట దాటి ఏ ఆర్మీ కమాండరూ, అంటే సైన్యంలోని ఏ కమాండ్ అధిపతీ, నడవరు.

త్రిదళాధిపతి సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సీడీఎస్ అనే పదవిని మన పత్రికలు త్రిదళాధిపతి అని రాస్తాయి. పలకడానికి గంభీరంగా ఉన్నా ఆ మాటలో లేని అర్థం ధ్వనిస్తుంది. మూడు దళాలకూ అధిపతి అంటే ముగ్గురు దళాధిపతులూ ఆయన కింద పనిచేస్తారని ఎవరైనా అనుకుంటారు. పదవిని సృష్టించినప్పుడు ప్రభుత్వం స్పష్టంగా చెప్పిన మాట ఏమిటంటే, ముగ్గురు దళాధిపతులతో సహా ఎవరిపైనా ఈ అధికారికి సైనిక కమాండ్ ఉండదు. మూడు దళాలకూ సంబంధించిన విషయాల్లో ఆయన రక్షణ మంత్రికి ప్రధాన సైనిక సలహాదారు. ఒక్కొక్క దళానికే పరిమితమైన విషయాల్లో ఆయా అధిపతులు ఇప్పటికీ నేరుగా మంత్రికి సలహా ఇస్తారు. దళాధిపతుల సంఘానికి ఆయన శాశ్వత అధ్యక్షుడు. రక్షణ శాఖలో కొత్తగా ఏర్పడిన సైనిక వ్యవహారాల విభాగానికి కార్యదర్శి కూడా ఆయనే. అంటే ఒకే వ్యక్తి యూనిఫాం వేసుకున్న సలహాదారుగానూ, ఫైళ్ళ మీద సంతకం చేసే కార్యదర్శిగానూ రెండు పాత్రలు పోషిస్తారు.

ఆయన భుజం మీద కూడా నాలుగు నక్షత్రాల జనరల్ హోదాయే ఉంటుంది. దళాధిపతులదీ అదే హోదా, అదే జీతం. సమానుల్లో ప్రథముడు అనడం సరైనది. (మీరు రాయబోయే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్షను కూడా క్లుప్తంగా సీడీఎస్ అనే అంటారు. చదువుకునేటప్పుడు రెండూ కలిసిపోకుండా చూసుకోండి.)

ఈ పదవి ఊరికే పుట్టలేదు. కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన సమీక్షా సంఘం రక్షణ నిర్వహణ తీరునే తిరిగి పరిశీలించాలని కోరింది. దాని వెనుకే వచ్చిన మంత్రుల బృందం 2001లో ఇలాంటి పదవి కావాలని సిఫారసు చేసింది. అప్పుడు పదవి రాలేదు, దానికి సాయపడవలసిన సమీకృత రక్షణ సిబ్బంది కార్యాలయం మాత్రం 2001లోనే ఏర్పడింది. సుమారు 18 ఏళ్ళ తర్వాత, 2019 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని ప్రకటన చేశారు. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి సీడీఎస్‌గా బాధ్యతలు చేపట్టారు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన మరణించారు. ఆ ప్రమాదంలోనే మన చిత్తూరు జిల్లాకు చెందిన ఒక లాన్స్ నాయక్ కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత పదవి దాదాపు పది నెలలు ఖాళీగా ఉంది. 2022 సెప్టెంబరు 30న జనరల్ అనిల్ చౌహాన్ వచ్చేదాకా ముగ్గురు దళాధిపతులలో సీనియరే దళాధిపతుల సంఘానికి అధ్యక్షత వహించారు. ఆ పది నెలల్లో సరిహద్దులో ఏ యూనిట్‌కూ ఆదేశాలు ఆగలేదు. నిచ్చెనలో మెట్టు అయితే ఖాళీ తెలిసేది. సీడీఎస్ కమాండ్ వరుసలో లేరనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు కనిపించదు.

అయితే ఆ పాత్ర పెరుగుతున్న మాట నిజం. మూడు దళాలకూ కలిపి ఉమ్మడి ఆదేశాలు జారీ చేసే అధికారాన్ని 2025 జూన్‌లో రక్షణ మంత్రి సీడీఎస్‌కు ఇచ్చారు. అంతకుముందు ఒకే విషయం మీద మూడు దళాలు మూడు వేర్వేరు ఉత్తర్వులు వెలువరించేవి. దీన్ని యుద్ధరంగంలో దళాలను నడిపే అధికారంగా పొరబడకండి.

కమాండ్ (ఆదేశించే అధికారం) వేరు, స్టాఫ్ (కమాండర్‌కు సాయపడే అధికారులు) వేరు. నన్ను అడిగితే మొత్తం వ్యవస్థకు తాళంచెవి ఈ తేడాయే. దీన్ని నేను పుస్తకాల్లో కాక సిగ్నల్ సెంటర్లో మెసేజ్ ఫారం మీద నేర్చుకున్నాను. ఆ ఫారం మీద ఎవరి నుంచి అనేది ఒక గడి. దాని కింద ‘టు’ అని ఒక గడి, ‘ఇన్ఫో’ అని ఇంకొక గడి. ‘టు’లో పేరున్నవాడు ఆ పని చేయాలి. ‘ఇన్ఫో’లో పేరున్నవాడు తెలుసుకుంటే చాలు, హోదాలో ఎంత పెద్దవాడైనా సరే. చేరిన కొత్తలో నేను ఒక సందేశాన్ని ఈ రెండు గడులూ తారుమారు చేసి పంపాను. ఒక బెటాలియన్ చేయవలసిన పనిని పక్క బెటాలియన్ మొదలుపెట్టేసింది. గంటలోపే తప్పు తెలిసి సరిదిద్దారు గానీ, ఆ రోజు మా సుబేదార్ మేజర్ సాబ్ ఆ ఫారాన్ని నా ముందు పెట్టి, వేలితో ఆ రెండు గడుల మధ్య గీతను చూపించి, సైన్యమంతా ఈ గీత మీదే నిలబడి ఉందని చెప్పారు. గొంతు పెంచలేదు. అయినా నాకు అది మరుపు రాలేదు.

ఆ ఫారంలో ఇంకో విశేషం ఉంది. పంపినవారి గడిలో వ్యక్తి పేరు ఉండదు, హెడ్‌క్వార్టర్ పేరు ఉంటుంది. బ్రిగేడ్ నుంచి వెళ్ళే ఆదేశం మీద తరచుగా బ్రిగేడ్ మేజర్ అనే స్టాఫ్ అధికారి సంతకం చేస్తారు. ఆ ఆదేశాన్ని అందుకునే బెటాలియన్ల కమాండింగ్ ఆఫీసర్లు కల్నళ్ళు, అంటే ఆయనకంటే పెద్దవారు. అయినా పాటిస్తారు, ఎందుకంటే ఆ సంతకం వెనుక ఉన్న అధికారం బ్రిగేడ్ కమాండర్‌ది. స్టాఫ్ అధికారి తన సొంత అధికారంతో ఒక్క సెక్షన్‌ను కూడా కదపలేడు, కమాండర్ పేరిట మాత్రం బ్రిగేడ్ మొత్తాన్ని కదిపే కాగితం రాయగలడు.

2025 మే 10న పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ (డీజీఎంఓ) మనవైపు అదే పదవిలో ఉన్న అధికారికి ఫోన్ చేశారని, ఆ సంభాషణతో కాల్పులు ఆగాయని మీరు వార్తల్లో చూశారు. టీవీలో మన డీజీఎంఓను చూసి యుద్ధాన్ని నడిపినవారు ఆయనే అనుకున్నవారు ఉన్నారు. డీజీఎంఓ ఆర్మీ హెడ్‌క్వార్టర్లో లెఫ్టినెంట్ జనరల్ హోదా ఉన్న స్టాఫ్ అధికారి, ఆయన మాట వెనుక ఉన్న అధికారం ఆర్మీ చీఫ్‌దీ, ప్రభుత్వానిదీ. ఆ పదవి ప్రాముఖ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంత నమ్మకస్థుడైన అధికారినే ఆ కుర్చీలో కూర్చోబెడతారు.

నిచ్చెన మెట్లు. సైన్యంలో కింది నుంచి చూస్తే, పదిమంది జవాన్ల సెక్షన్‌ను హవల్దారు లేదా నాయక్ నడుపుతారు. మూడు సెక్షన్లు కలిస్తే ప్లాటూన్, దాన్ని సాధారణంగా మా వంటి జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) చూస్తారు. మూడు ప్లాటూన్ల కంపెనీకి మేజర్. నాలుగు రైఫిల్ కంపెనీలూ మిగతా సహాయక విభాగాలూ కలిపి సుమారు 800 మంది ఉండే పదాతి బెటాలియన్‌కు కల్నల్. మామూలుగా మూడు బెటాలియన్లకు ఒక బ్రిగేడియర్. కొన్ని బ్రిగేడ్లు, వాటికి ఫిరంగి దళం, ఇంజినీర్లు, సిగ్నల్స్ కలిపి డివిజన్, దానికి మేజర్ జనరల్. కొన్ని డివిజన్లు ఒక కోర్, దానికి లెఫ్టినెంట్ జనరల్. కోర్‌ల పైన కమాండ్, దానికి కూడా లెఫ్టినెంట్ జనరలే.

ఈ చివరి రెండు మెట్లలో హోదా ఒకటే ఉండడం గమనించండి. కోర్ కమాండర్, ఆర్మీ కమాండర్ ఇద్దరూ భుజాన ఒకే చిహ్నం ధరిస్తారు, కానీ ఒకరు మరొకరికి లోబడి ఉంటారు. కమాండ్‌ను నిర్ణయించేది నియామకం, భుజం మీది నక్షత్రం కాదు. హోదాను బట్టి వందనం చేస్తాం, ఆదేశం కోసం మాత్రం మన పై మెట్టు వైపే చూస్తాం. పొరుగు డివిజన్ మేజర్ జనరల్ మా యూనిట్‌కు వస్తే మేమందరం నిటారుగా నిలబడి వందనం చేసేవాళ్ళం, కానీ మా బ్రిగేడ్ లైన్లను ఆయన మార్పించలేరు.

సైన్యానికి ఇలాంటి కమాండ్లు ఏడు. ఉధంపూర్‌లో ఉత్తర, చండీమందిర్‌లో పశ్చిమ, జైపూర్‌లో నైరుతి, లక్నోలో మధ్య, కోల్‌కతాలో తూర్పు, పుణెలో దక్షిణ కమాండ్ ఉన్నాయి. ఏడోది సిమ్లాలోని శిక్షణ కమాండ్. వైమానిక దళానికీ ఏడు ఉన్నాయి, నౌకాదళానికి మూడు. ఇవి కాక మూడు దళాలూ కలిసి ఉండే కమాండ్లు రెండు, ఒకటి అండమాన్ నికోబార్ కమాండ్, రెండోది వ్యూహాత్మక దళాల కమాండ్.

ఒక్కొక్క మెట్టుకు ఇన్నే ఎందుకు, ఒక కోర్ కింద పది డివిజన్లు పెట్టకూడదా అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్నే. ఒక కమాండర్ ఒకేసారి దృష్టి పెట్టగలిగేది మూడు నాలుగు చోట్ల మీదే. కార్గిల్ పోరు మొదలయ్యేనాటికి కశ్మీర్ లోయ, లడఖ్ రెండూ శ్రీనగర్‌లోని 15వ కోర్ చేతిలోనే ఉన్నాయి. లోయలో ఉగ్రవాదాన్ని ఎదుర్కొంటూనే సియాచిన్ దాకా చూసుకోవలసిన భారం దాని మీద ఉండేది. పోరు మధ్యలోనే ద్రాస్, ముష్కో వైపు 8వ మౌంటెన్ డివిజన్‌కు అప్పగించి, లేహ్‌లోని 3వ డివిజన్‌కు బటాలిక్ వైపు దృష్టి పెట్టే వీలు కల్పించారు. యుద్ధం ముగిశాక ఆ ఏడాదే లేహ్ కేంద్రంగా 14వ కోర్‌ను ఏర్పాటు చేశారు.

ఇద్దరు అధికారుల కింద పనిచేసేవాడి సంగతి. వరుస ఇంత నిటారుగా ఉంటే చిక్కులే ఉండవని అనుకోకండి. సిగ్నల్స్, ఇంజినీర్లు, వైద్యం, సరఫరా వంటి విభాగాల వారికి ఎప్పుడూ రెండు గీతలు ఉంటాయి. ఉత్తర సరిహద్దులో ఒక బ్రిగేడ్‌లో నేను పనిచేసేటప్పుడు మా సిగ్నల్ కంపెనీ పోరాట విషయాల్లో బ్రిగేడ్ కమాండర్‌కు లోబడి ఉండేది, సాంకేతిక విషయాల్లో డివిజన్ సిగ్నల్ రెజిమెంట్ మాకు పుట్టిల్లు. ఒకసారి చలికాలం మొదట్లో ఒక ఎత్తైన పోస్టు మీద ఉన్న రేడియో రిలే బృందాన్ని మరమ్మతు కోసం కిందికి దింపమని రెజిమెంట్ నుంచి సందేశం వచ్చింది. అదే సాయంత్రం ఆ పోస్టు మీద నుంచి ఎవరూ కదలరాదని బ్రిగేడ్ ఆపరేషన్స్ గది చెప్పింది. రెండు కాగితాలూ నా బల్ల మీదే ఉన్నాయి, రెండిట్లోనూ ‘టు’ గడిలో మా కంపెనీయే ఉంది.

మా కంపెనీ కమాండర్ చేసిన పని చాలా సరళమైనది. పోరాట బాధ్యత ఎవరిదో వారి ఆదేశాన్ని పాటించి బృందాన్ని అక్కడే ఉంచారు. ఆ విషయాన్ని రెజిమెంట్‌కు వెంటనే రాసి పంపారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పై మెట్టు డివిజన్ కాబట్టి తేల్చవలసిన విషయాన్ని డివిజన్ ముందు పెట్టారు. మూడో రోజున డివిజన్ నుంచి ఒక మెకానిక్‌నే పైకి పంపారు. సెట్టు కిందికి దిగలేదు, మనిషే పైకి ఎక్కాడు. సైన్యంలో అండర్ కమాండ్, ఆపరేషనల్ కంట్రోల్, ఇన్ సపోర్ట్ అనే మాటలు వేర్వేరుగా వాడేది ఇందుకే. మొదటిదానిలో జీతం, సెలవు, క్రమశిక్షణతో సహా అన్నీ ఆ కమాండర్‌వే. రెండోదానిలో పోరాట పని మాత్రమే ఆయనది. మూడోదానిలో పక్కనుండి సాయం చేస్తాం, మన కమాండర్ మనకే ఉంటాడు.

ఇదే సూత్రం సరిహద్దు భద్రతా దళానికి కూడా వర్తిస్తుంది. బీఎస్ఎఫ్, ఐటీబీపీ, సీఆర్‌పీఎఫ్ హోం శాఖ కింద ఉండే దళాలు, త్రివిధ దళాల్లో భాగం కావు. అయినా కశ్మీర్ నియంత్రణ రేఖ మీద ఉండే బీఎస్ఎఫ్ యూనిట్లు సైన్యం ఆపరేషనల్ కంట్రోల్‌లో పనిచేస్తాయి. అస్సాం రైఫిల్స్ పాలన హోం శాఖది, పోరాట నియంత్రణ సైన్యానిది. తీర రక్షక దళం మాత్రం రక్షణ శాఖ కిందిదే, కానీ 1978 నాటి సొంత చట్టం ఉన్న వేరే దళం.

విశాఖ సంగతి. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్, ఆయన పైన నౌకాదళాధిపతి. మధ్యలో ఇంకే అధికారీ లేరు. ఆయన కింద సముద్రంలో తిరిగే నౌకలను నడిపే తూర్పు ఫ్లీట్‌కు ఒక రియర్ అడ్మిరల్ ఉంటారు, తీరంలోని స్థావరాలకు వేరే అధికారులు ఉంటారు. అణు జలాంతర్గాములు విశాఖలోనే తయారవుతాయి కాబట్టి వాటి అణ్వస్త్రాల మీద అధికారం కూడా తూర్పు కమాండ్‌దేనని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అణ్వాయుధ ప్రయోగాన్ని అనుమతించగలిగేది ప్రధాని అధ్యక్షత వహించే రాజకీయ మండలి ఒక్కటే. 2003 జనవరిలో ప్రకటించిన అణు కమాండ్ అథారిటీలో ఇది పై భాగం. దాని కింద జాతీయ భద్రతా సలహాదారు అధ్యక్షతన కార్యనిర్వాహక మండలి, అమలుకు వ్యూహాత్మక దళాల కమాండ్ ఉన్నాయి.

1971ని ఒకసారి తలచుకుంటే మన వ్యవస్థ బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. తూర్పు రంగంలో సైన్యాన్ని నడిపిన లెఫ్టినెంట్ జనరల్ అరోరా కోల్‌కతాలో, నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ విశాఖలో, వైమానిక దళాన్ని నడిపిన ఎయిర్ మార్షల్ దివాన్ షిల్లాంగ్‌లో ఉన్నారు. ఒకే యుద్ధం, మూడు నగరాలు, ముగ్గురు అధిపతులు. ఎవరూ ఎవరికీ లోబడి లేరు. ఢిల్లీలో దళాధిపతుల సంఘానికి జనరల్ మానెక్‌షా అధ్యక్షులుగా ఉన్నారు గానీ మిగతా ఇద్దరికీ ఆయన కమాండర్ కారు. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రంతో అది ముగిసింది. ఆ గెలుపులో ఆ అధికారుల పరస్పర అవగాహన పాత్ర ఎంతో ఉంది. ఒక ప్రాంతంలోని మూడు దళాలకూ ఒకే కమాండర్ ఉండాలన్న థియేటర్ కమాండ్ల ఆలోచన మాత్రం, వ్యవస్థ అవగాహన మీద కాక నిర్మాణం మీద నిలబడాలని అడుగుతుంది. నేను దాన్ని సమర్థిస్తాను. విమానాలు పరిమితంగా ఉన్నప్పుడు వాటిని ప్రాంతాల వారీగా పంచితే అవసరమైన చోటికి త్వరగా మళ్ళించలేమన్న వైమానిక దళం వాదనలోనూ బలం ఉందని ఒప్పుకుంటాను.

మూడు దళాలనూ ఒకరి కింద పెట్టిన తొలి ప్రయోగం 2001లో అండమాన్ కమాండ్. అక్కడ చాలాకాలం ఒక చిక్కు ఉండేది. సైనికుడికి 1950 నాటి ఆర్మీ చట్టం, నావికుడికి 1957 నాటి నేవీ చట్టం, వైమానికుడికి వేరే చట్టం. కమాండర్ ఒక దళం వాడైతే మరో దళం వాడి మీద క్రమశిక్షణ చర్య సొంతంగా తీసుకోలేకపోయేవారు, అతణ్ణి మాతృ దళానికి పంపాల్సి వచ్చేది. 2023లో చేసి 2024 మే 10 నుంచి అమలు చేసిన చట్టం ఇలాంటి ఉమ్మడి సంస్థల అధిపతులకు ఆ అధికారం ఇచ్చింది. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, శిక్షించే అధికారం లేని కమాండ్ సగం కమాండే.

మన రెండు రాష్ట్రాల్లో కనిపించే సైనిక కేంద్రాల గురించి ఒక మాట. సికింద్రాబాద్‌లోని తెలంగాణ, ఆంధ్ర సబ్ ఏరియా చెన్నైలోని దక్షిణ భారత్ ఏరియా కిందికి, అది పుణెలోని దక్షిణ కమాండ్ కిందికి వస్తుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీదికి వచ్చిన దళాలను నడిపింది కూడా ఈ దక్షిణ కమాండే. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ మాత్రం తిరువనంతపురంలోని దక్షిణ వైమానిక కమాండ్ కింద లేదు, బెంగళూరులోని శిక్షణ కమాండ్ కింద ఉంది. ఊరు ఎక్కడుందో చూసి కమాండ్‌ను ఊహించకండి, పని ఏమిటో చూడండి.

చివరి ప్రశ్న, కలెక్టరు సంగతి. అల్లర్లను అదుపు చేయడానికి మిగతా మార్గాలన్నీ విఫలమైనప్పుడు సాయుధ దళాలను పిలిచే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 149వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరుకు ఉంది. గుంపును చెదరగొట్టమని ఆయన కోరవచ్చు. ఎంత బలం వాడాలి, ఎలా వాడాలి అన్నది అక్కడున్న సైనికాధికారి నిర్ణయం, వీలైనంత తక్కువ బలం వాడాలన్నది చట్టం ఆయనకు పెట్టిన షరతు. వరదలు, తుపానుల్లో కూడా ఇదే పద్ధతి. జిల్లా యంత్రాంగం ఏం కావాలో చెబుతుంది, ఎలా చేయాలో సైన్యం చూసుకుంటుంది.

ఒకసారి వరద సహాయానికి వెళ్ళిన దళంతో రేడియో సెట్టు పట్టుకుని నేనూ వెళ్ళాను. ఒక గట్టు దగ్గర పడవతో నిలబడ్డ మా హవల్దారును స్థానిక రెవెన్యూ అధికారి ఒకరు ఆ పడవను వెంటనే మరో కాలనీకి మళ్ళించమన్నారు. మా కెప్టెన్ సాబ్‌తో చెప్పండి అని హవల్దారు వినయంగా అన్నాడు. జనం నీళ్ళలో ఉంటే కాగితాలు అడుగుతారా అని ఆ అధికారి కోప్పడ్డారు, ఆయన కోపం న్యాయమైనదే. నేను సెట్టులో కెప్టెన్‌ను పట్టుకున్నాను. రెండో పడవ ఇంజను అరగంట క్రితమే ఆగిపోయిందనీ, ఈ పడవ వెళ్ళే దారిలోనే ఆక్సిజన్ సిలిండరు మీద ఉన్న ఒక వృద్ధురాలు ఎదురుచూస్తోందనీ కెప్టెన్‌కు తెలుసు. గట్టు మీద ఉన్న మా ముగ్గురికీ తెలియదు. ముందు ఆమెను ఎక్కించుకుని, అటు నుంచి అటే కాలనీకి వెళ్ళమని ఆయన చెప్పారు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత కెప్టెన్ ఆ అధికారిని తన గుడారానికి పిలిపించి, ఒకే మ్యాపు ముందు కూర్చోబెట్టుకున్నారు. ఏ కాలనీకి ముందు వెళ్ళాలో ఆయన చెప్పేవారు, ఏ పడవ వెళ్ళాలో కెప్టెన్ చెప్పేవారు, నేను ఆ మాటను సెట్టులో హవల్దారుకు చేర్చేవాణ్ణి. రెండు రోజులు అలాగే నడిచింది.